ఇంగ్లీషు మీడియం పిలకాయలతో కలిసి చదువుకోవడానికి కొత్త తెలుగు పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి?

ప్రశ్న: మేం కావలిలో ఉంటాం. పాపకు ఎనిమిదేళ్ళు, బాబుకు నాలుగు. రాత్రిపూట అందరం కలిసి చదువుకోవడానికి తెలుగు పుస్తకాలు కావాలి. ఇక్కడి షాపుల్లో గైడ్లు, తెనాలి రామకృష్ణ కథలు తప్ప ఏమీ కనబడటం లేదు. ఎట్లా వెతకాలి?

జవాబు: షాపులకు తిరగడం కంటే ముందు ఫోన్‌లో చదివి చూసి, నచ్చినవే కొనుక్కోవడం మేలండీ. ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ సైట్లో తెలుగు పుస్తకాలు ఉచితంగా ఉన్నాయి. భాష తెలుగు పెట్టి, లెవెల్ ఎంచుకోండి. ఒకటో లెవెల్లో 250 మాటల లోపు, రెండులో 600 దాకా, మూడులో 1500 దాకా ఉంటాయి. పాప సొంతంగా చదవడానికి ఒకటో లెవెల్ పెట్టండి, మీరు చదివి వినిపించడానికి రెండు, మూడు లెవెళ్ళవి తీసుకోండి. ఏ పిల్లలైనా చదవగలిగిన దానికంటే విని అర్థం చేసుకునేది ఎక్కువ. బడిలో తెలుగు తక్కువగా చదివే పిలకాయల్లో ఆ తేడా ఇంకా పెద్దది. ఎనిమిదేళ్ళు వచ్చాయి కదా అని మూడో లెవెల్ చేతికిస్తే రెండు పేజీలకే పక్కన పెట్టేస్తారు.

వాటిలో అనువాదాలు చాలా ఉంటాయి, అన్నీ ఒకే తీరుగా ఉండవు. అట్ట చూసి, మొదటి పేజీ చూసి తేల్చేయొద్దు. మధ్యలో ఒక రెండు పేజీలు గొంతెత్తి చదవండి. వాక్యం పూర్తయ్యేలోపు ఊపిరి ఆడకపోయినా, ఒక పేజీలో మూడు మాటలకు అర్థం చెప్పాల్సి వచ్చినా ఆ పుస్తకం వదిలేయండి. బొమ్మలు ఎంత బాగున్నా సరే, నోటికి పలకని వాక్యం ఇంట్లో రెండోసారి ఎవరూ చదవరు.

నచ్చినదాన్ని పీడీఎఫ్‌గా దించుకుని ప్రింటు తీయించుకోవచ్చు, వాళ్ళ లైసెన్సు అందుకు ఒప్పుకుంటుంది. జెరాక్స్ షాపులో ‘బుక్‌లెట్’ అని చెప్పండి. 16 పేజీల కథకు రెండువైపులా వేస్తే నాలుగు ఏ4 కాగితాలు చాలు. పేజీలు నాలుగు గుణిజంలో లేకపోతే చివర ఖాళీ పేజీలు వస్తాయి, ఫరవాలేదు. కాగితం తిప్పే దగ్గర పొట్టి అంచు ఎంచుకోవాలి. పొడుగు అంచు పెడితే వెనకవైపు పేజీలన్నీ తలకిందులుగా పడతాయి. అందుకే ముందు ఒక్క కాగితం తీయించి, మడిచి చూసుకుని, తర్వాతే మిగతావి వేయించండి.

కొనడానికైతే సికింద్రాబాద్ మంచి పుస్తకం వాళ్ళ జాబితా ముందు చూడండి, చిన్నపిల్లల కోసమే పనిచేసే సంస్థ. నేషనల్ బుక్ ట్రస్ట్ వారి నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాల ధర తక్కువ. చెన్నై తూలిక వాళ్ళు ఇంగ్లీషు, తెలుగు ఒకే పేజీలో ఉన్న పుస్తకాలు వేస్తారు. వాటితో ఒక చిక్కుంది: పాప కళ్ళు ఇంగ్లీషు లైను మీదికే పోతాయి. దాని మీద కాగితం ముక్క అడ్డం పెట్టి తెలుగు చదివించి, తర్వాత తీసేయండి. పోస్టు ఖర్చు కలిసొస్తుంది కాబట్టి రెండు మూడు ఇళ్ళవాళ్ళు కలిసి ఒకేసారి ఆర్డర్ పెట్టండి. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి పోగలిగితే ఇవన్నీ చేత్తో పట్టుకుని చూడొచ్చు.

చేతికందినప్పుడు అక్షరం మీద కన్నేయండి. తెలుగులో ఒత్తులు లైను కిందికి దిగుతాయి, గుడి పైకి లేస్తుంది. లైన్ల మధ్య జాగా తక్కువైతే పై లైనులోని ‘క్ష్మ’ లాంటి అక్షరం కింది లైను గుడికి తగులుతుంది. కొత్తగా చదివే పిల్ల అక్కడే తడబడుతుంది, మనం మాత్రం ‘దానికి చదవడం రాలేదు’ అనుకుంటాం. పలుచటి కాగితమైతే వెనకవైపు బొమ్మ ఇటు కనబడి అక్షరాన్ని ఇంకా మసక చేస్తుంది.

ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టేటప్పుడు పుస్తకం చిన్నవాడి ఒడిలో పెట్టండి, మాట పాపకివ్వండి. కథనం మీరు చదవండి, కొటేషన్లలో ఉన్న సంభాషణ పాప చదువుతుంది. పదిహేను నిమిషాలు చాలు. అదే పుస్తకం మళ్ళీ అడిగితే మళ్ళీ చదవండి. రెండోసారికి చిన్నవాడు తర్వాత వచ్చే మాట ముందే అందుకుంటాడు.

నెల్లూరు, ఒంగోలు జిల్లా కేంద్ర గ్రంథాలయాల్లోనూ, మీ ఊరి శాఖలోనూ పిల్లల పుస్తకాలు బీరువాలో ఉంటే తీసి చూపించమని అడగండి. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు, అప్పుడు పోతే మేలు. చలికాలంలో పక్షుల పుస్తకాలు తెచ్చుకోండి. సూళ్ళూరుపేట వైపు పులికాట్‌లో ఫ్లెమింగోలు, నేలపట్టులో గూడబాతులు ఉండే కాలం అదే. పుస్తకం బ్యాగులో వేసుకుని పోతే, బొమ్మలో ఉన్న ముక్కునూ చెరువులో ఉన్న ముక్కునూ పిలకాయలే పోల్చి చూస్తారు.