అనిమేలో ‘పవర్‌ఫుల్’ అమ్మాయి అంటే ఎవరు? ఏవి చూపించాలి?

తొమ్మిదో క్లాసు చదివే మీ చెల్లికి ధైర్యాన్నిచ్చే అనిమే (జపాన్ యానిమేషన్) చెప్పమన్నారు, వాటిలో అమ్మాయిలు వేసుకునే పొట్టి గౌన్లు చూస్తే అనుమానమనీ అన్నారు.

ఎంత బాగా కొట్లాడుతుందో చూసి మాత్రం ఎంచుకోకండి. మొదటి ఎపిసోడ్‌లో పదిమందిని చితక్కొట్టి, కథ ముదిరేసరికి హీరో వచ్చి విడిపించేదాకా బందీగా పడుండే అమ్మాయిలు అనిమేలో కొల్లలు. కథ మలుపు తిరిగే చోట నిర్ణయం ఎవరిదో చూడండి.

‘స్పిరిటెడ్ అవే’ (2001) సినిమాతో మొదలుపెట్టండి. అందులో హీరోయిన్ చిహిరోకి పదేళ్లు. చేతిలో కత్తి లేదు, నోట మంత్రం లేదు. దేవతల స్నానశాల నడిపే మంత్రగత్తె యుబాబా ఎంత బెదిరించినా ‘నాకు పని ఇవ్వండి’ అన్న మాట వదలదు. అడిగినవాళ్లకి పని ఇస్తానని యుబాబా ఎప్పుడో ప్రమాణం చేసింది, చిహిరోకి దొరికిన పట్టు అదే. మధ్యలో వెక్కివెక్కి ఏడుస్తుంది, మళ్లీ లేచి పనిలోకి పోతుంది.

తర్వాత ‘ప్రిన్సెస్ మోనోనోకే’ (1997). అందరూ తోడేళ్లు పెంచిన పిల్ల శాన్ గురించే మాట్లాడతారు గానీ నా ఓటు ఇనుము కరిగించే ఊరిని ఏలే ఎబోషికి. వేశ్యాగృహాల నుంచి విడిపించి తెచ్చిన ఆడవాళ్లకి కొలిమి తిత్తులు తొక్కే పని ఇస్తుంది. వాళ్లు మొగుళ్లకి ఇచ్చే జవాబులు వినాలి! అడవిని నరికించేదీ ఆవిడే. మంచీ చెడూ రెండూ ఉన్న మనిషి, అందుకే ఆ పాత్రంటే నాకు గౌరవం. చేతులు, తలలు తెగే సీన్లున్నాయి, ముందు మీరు చూసి చూపించండి.

ఇక గౌన్ల సంగతి. బట్టల పొడవు కొలవకండి, కెమెరా ఎక్కడ ఆగుతోందో గమనించండి. ‘ఫుతారి వా ప్రిక్యూర్’ (2004) చిన్నపిల్లల కోసం తీసిన సిరీస్, ఇద్దరు అమ్మాయిలు మాయాశక్తితో వీరనారులుగా మారతారు, బట్టలు నిండా ఫ్రిల్సే. కానీ ఫైట్లన్నీ పిడిగుద్దులు, తన్నులు. దర్శకుడు దైసుకె నిషియో అంతకుముందు కొట్లాటలకి పేరుపడ్డ ‘డ్రాగన్ బాల్ జెడ్’ తీసినవాడు మరి. ఇద్దరు అమ్మాయిలూ కలిస్తేనే రూపం మారుతుంది, ఒక్కళ్ల వల్ల కాదు.

‘రివల్యూషనరీ గర్ల్ ఉతెనా’ (1997, 39 ఎపిసోడ్లు) ఇప్పుడే వద్దు. పెద్దవాడు అమ్మాయిలని లోబరచుకోవడం అందులో ప్రధాన విషయం. మీరు చూసేటప్పుడు మాత్రం ద్వంద్వ యుద్ధాలన్నీ ఒకేలా ఉన్నాయని మొదట్లోనే ఆపేయకండి, ఆ పునరావృతం కావాలని పెట్టిందే. 13, 24 ఎపిసోడ్లు పాత సీన్ల కూర్పులు, తొందరైతే దాటేయొచ్చు. 33 కూడా పైకి అలాగే కనిపిస్తుంది గానీ అసలు సంగతి జరిగేది దాంట్లోనే. అది వదిలేస్తే ఆ తర్వాత ఉతెనా ఎందుకలా మారిందో అర్థం కాదు.