ఆఫీసు పని మీద చెన్నై వస్తే మిగిలిన టైమ్‌ని ఎలా వాడుకోవాలి?

నెలకోసారి హైదరాబాద్ నుంచి చెన్నై వస్తాననీ, ఐటీ ఆఫీసులున్న ఓఎంఆర్‌లో (పాత మహాబలిపురం రోడ్డులో) రెండు మూడు రోజులు ఉంటాననీ, ఖాళీ టైమంతా హోటల్ గదిలో ఫోన్ చూడటంతోనే అయిపోతోందనీ రాశారు. ఏం చేయొచ్చని అడిగారు.

ముందు సాయంత్రాల మీద ఆశ వదులుకోండి. ఆఫీసు ట్రిప్పులో సాయంత్రం మన చేతిలో ఉండదు. ఆరింటికి ముగియాల్సిన మీటింగ్ ఏడున్నర దాకా సాగుతుంది, ఆ తర్వాత క్లయింట్ భోజనానికి రమ్మంటారు. అవేమీ లేని రోజున ఓఎంఆర్ ట్రాఫిక్ ఉండనే ఉంది. అదే పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా మీ జోలికి ఎవరూ రారు. పైగా చెన్నై పొద్దుటిపూట బాగుండే ఊరు. ఎండ ముదరదు, గుళ్లు తెరిచి ఉంటాయి, రోడ్లు ఖాళీ, ఎక్కడ చూసినా ఇడ్లీ ఆవిరి. రాత్రి పదింటికల్లా పడుకుని ఈ మూడు గంటలూ వాడుకోండి. ట్రిప్పుకి ఒక్క చోటు చాలు. మూడు చోట్లు పెట్టుకుంటే ఏదీ సరిగ్గా చూడలేరు, తొమ్మిదిన్నర మీటింగ్‌లో ఆవలింతలు మిగులుతాయి.

మొదటిసారి మైలాపూర్ వెళ్లండి. క్యాబ్ కంటే రైలు మేలు. తరమణిలో గానీ తిరువాన్మియూర్‌లో గానీ ఎంఆర్‌టీఎస్ అనే లోకల్ రైలు ఎక్కాలి. పట్టాలు చాలాచోట్ల వంతెన మీద ఉంటాయి కాబట్టి ఇక్కడివాళ్లు దీన్ని పరక్కుం రయిల్, అంటే ఎగిరే రైలు, అంటారు. దిగాల్సిన స్టేషన్ పేరు తిరుమయిలై. మైలాపూర్ అన్న బోర్డు కోసం చూస్తూ కూర్చుంటే స్టేషన్ దాటిపోతుంది. అక్కణ్ణుంచి కపాలీశ్వరుడి గుడికి నడిచే వెళ్లొచ్చు. గుడి మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో మూసేస్తారు, మళ్లీ తెరిచేది నాలుగింటికి. లంచ్ బ్రేక్‌లో వెళ్లొద్దామనుకునేవాళ్లు మూసిన తలుపు చూసి తిరిగొచ్చేది ఇందుకే. దర్శనం అయ్యాక వెంటనే వెనక్కి రాకండి. కోనేరు చుట్టూ, నాలుగు మాడ వీధుల్లో ఒక్క చుట్టు నడవండి. పూలు, కూరగాయలు, ఇత్తడి సామాను, నవరాత్రుల ముందైతే బొమ్మల కొలువు బొమ్మలు, అన్నీ ఆ వీధుల్లోనే దొరుకుతాయి. టిఫిన్ అక్కడే ఏదైనా చిన్న మెస్‌లో చేసి, ఎనిమిదింటి లోపు తిరుగు రైలు ఎక్కండి. రాత్రి తొమ్మిది దాటాక మాత్రం ఈ స్టేషన్లు చాలావరకు నిర్మానుష్యంగా ఉంటాయి, అప్పుడు క్యాబే నయం.

మైలాపూర్‌లోనే రాయపేట హైరోడ్డు మీద పొట్టి శ్రీరాములు గారి స్మారక భవనం ఉంది. ఆయన 1952లో ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహార దీక్ష చేసి, డిసెంబరు 15న ప్రాణాలు వదిలింది అక్కడ ఉన్న బులుసు సాంబమూర్తి గారి ఇంట్లోనే. మనవాళ్లు ఒక్కసారైనా అక్కడ ఆగాలని నా ఉద్దేశం.

మీటింగ్ మధ్యాహ్నానికే అయిపోయి, రైలో ఫ్లైటో రాత్రికి ఉందనుకోండి. అప్పుడు ఎగ్మూర్‌లోని ప్రభుత్వ మ్యూజియానికి మించింది లేదు. శుక్రవారం సెలవు. చాలామంది ట్రిప్పు శుక్రవారంతోనే ముగుస్తుంది కాబట్టి ఇది ముందే చూసుకోవాలి. ఉదయం తొమ్మిదిన్నర నుంచి ఐదు దాకా ఉంటుంది, కనీసం రెండు గంటలు మిగిలేలా వెళ్లండి. అంతా చూడాలని పరుగులు పెట్టొద్దు. చోళుల కంచు విగ్రహాల గ్యాలరీ, అమరావతి శిల్పాలు, ఈ రెండూ చాలు. పల్నాడు జిల్లా (2022 దాకా గుంటూరు జిల్లా) అమరావతి స్తూపం ఫలకాల్లో ఒక భాగం లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంటే, ఇంకో పెద్ద భాగం ఇక్కడ ఉంది. వాటిలో బుద్ధుడి మీదికి ఉసిగొల్పిన నాళగిరి ఏనుగు కథ చెక్కిన గుండ్రటి ఫలకం కోసం వెతకండి. ఎడమవైపు ఏనుగు మదమెక్కి వీధిలోకి దూసుకొస్తుంది, జనం చెల్లాచెదురవుతుంటారు, మేడల మీద నుంచి కొందరు తొంగి చూస్తుంటారు. అదే వలయంలో కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంటుంది. ముందుదీ వెనకదీ ఒకే చట్రంలో ఇమిడ్చారు. దూరం నుంచి చూస్తే అంతా కలగాపులగంగా ఉంటుంది, ఫలకానికి పక్కగా దగ్గరికొచ్చి ఎడమ నుంచి కుడికి చదవాలి.

సామానుతో మ్యూజియానికి వెళ్లకండి. చెకౌట్ చేశాక కూడా చాలా హోటళ్లు రిసెప్షన్‌లో బ్యాగు ఉంచుకుంటాయి, టోకెన్ అడిగి తీసుకోండి. రైలుకి వెళ్లేవాళ్లు ఎగ్మూర్ లేదా సెంట్రల్ క్లోక్‌రూమ్‌లో పెట్టొచ్చు. అక్కడ ప్రయాణం టికెట్ చూపించాలి, బ్యాగుకి తాళం ఉండాలి. తాళం లేదని వెనక్కి పంపేస్తారు కాబట్టి చిన్న తాళం ఒకటి ఎప్పుడూ బ్యాగులో పడేసుకోండి.

సాయంత్రం ఎప్పుడైనా రెండు గంటలు దొరికితే బీసెంట్ నగర్ బీచ్ మీకు దగ్గర, మెరీనా దాకా పోనక్కర్లేదు. నీళ్లలోకి మాత్రం దిగొద్దు. ఒడ్డున కనిపించే తెల్లటి కట్టడం కార్ల్ ష్మిట్ అనే డెన్మార్క్ నావికుడి స్మారకం. 1930లో మునిగిపోతున్నవాళ్లను కాపాడబోయి తానూ మునిగిపోయాడాయన. ఈ తీరంలో అల వెనక్కి లాగే జోరు ఒడ్డున నిలబడితే తెలియదు. ఆఫీసు బూట్లతో ఇసుకలో నడవలేరు, ఒక జత చెప్పులు సర్దుకోండి.

డిసెంబరు రెండో సగంలో ట్రిప్పు పడితే మీ అంత అదృష్టవంతులు లేరు. మార్గళి (మన ధనుర్మాసం) కర్ణాటక సంగీత కచేరీల సీజన్ అది. మ్యూజిక్ అకాడమీ సహా ఎన్నో సభల్లో పొద్దున, మధ్యాహ్నం కచేరీలకు చాలావరకు టికెట్ ఉండదు, సాయంత్రం పెద్దవాళ్ల కచేరీలకే ఉంటుంది. చాలాసార్లు కచేరీలో ప్రధాన కీర్తన త్యాగరాజుదే, అంటే మన తెలుగే. పక్కన కూర్చున్నవాళ్లు రాగం కోసం వింటుంటే మీకు మాట కూడా అందుతుంది. లోపలికి వెళ్లడమైనా బయటికి రావడమైనా ఒక పాట ముగిశాకే.

శనివారం ఆగగలిగితే మహాబలిపురం. తిరువాన్మియూర్ నుంచి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద సుమారు గంట, పొద్దున ఆరింటికల్లా బయల్దేరితే. మొదట తీరాలయం, ఎండ చుర్రుమనక ముందే పంచరథాలు. ఈ రెండింటికీ ఒకటే టికెట్, మొదటి చోట చూపించి పారేయకండి. అర్జునుడి తపస్సు శిల్పం రోడ్డు పక్కనే ఉంటుంది, దానికి టికెట్ అక్కర్లేదు, ఆఖర్న చూసినా సరిపోతుంది. అందులో ఏనుగుల దగ్గర ముందు కాళ్లు పైకెత్తి తపస్సు చేస్తున్న పిల్లినీ, దాని చుట్టూ ఎలుకల్నీ చూడటం మర్చిపోకండి. పదకొండు లోపు తిరుగుముఖం పట్టండి. సాయంత్రం దాకా ఆగితే వీకెండ్ జనమంతా మీతోపాటే ఈసీఆర్ ఎక్కుతారు.

ఇలా ఒకరోజు ఆగేటప్పుడు చిక్కంతా బిల్లుల దగ్గర వస్తుంది. శుక్రవారంతో ఆఫీసు బిల్లు మూయించి, ఆ రాత్రికి మీ సొంత పేరు మీద, కంపెనీ జీఎస్టీ నంబరు లేకుండా వేరే బిల్లు చేయమని హోటల్‌కి చెక్‌ఇన్ రోజే చెప్పండి. చెకౌట్ చేసేటప్పుడు అడిగితే విడగొట్టడం వాళ్లకూ కష్టమే. తిరుగు టికెట్ బుక్ చేసే రోజున శుక్రవారం సాయంత్రం ఫ్లైట్ ఛార్జీ, మీరు ఎంచుకున్న ఫ్లైట్ ఛార్జీ రెండూ స్క్రీన్‌షాట్ తీసి, తేడా ఉంటే నేనే పెట్టుకుంటానని మేనేజర్‌కి మెయిల్ పెట్టండి. అనుమతి రాతపూర్వకంగా వచ్చాకే టికెట్ కొనండి. వారం తర్వాత క్లెయిమ్ వేసేటప్పుడు పాత ఛార్జీ ఎక్కడా కనిపించదు.