షాక్ మార్చకు అల్లుడూ, ముందు బేరింగులు చూడు

అల్లుడూ,

గుంతలో పడ్డప్పుడల్లా బండి వెనక కిర్రుమంటోందని, షాపులో వెనక షాక్ అబ్జార్బర్ మార్చేయమన్నారని చెప్పావు. అప్పుడే డబ్బులు పెట్టేయకు. నీది లింకేజీ ఉన్న హిమాలయన్ బండి, అంటే వెనక షాక్‌ని కీళ్లలాంటి లింకులతో కలిపి ఉంటుంది; నువ్వుండేది సముద్రం ఒడ్డున బారువలో, ఆ ఉప్పుగాలికి తలుపు గడియలే తుప్పు పట్టేస్తాయి, దానికి తోడు బండికి మాటిమాటికీ ప్రెషర్‌తో నీళ్లు కొట్టిస్తున్నావు. ఆ నీళ్లు సీలు దాటి లోపలికి పోతాయి గానీ తేలిగ్గా బయటికి రావు. గ్రీజు కొట్టుకుపోయి లింకు బేరింగులు ఎండిపోయినా అచ్చం ఇలాగే అరుస్తుంది.

ముందు సెంటర్ స్టాండ్ వేసి, వెనక చక్రం గాల్లో ఉండగా స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) చివర పట్టుకుని అడ్డంగా అటూ ఇటూ ఊపి చూడు. టక్‌మని కదిలితే పివట్ దగ్గర, అంటే స్వింగ్ ఆర్మ్ ఫ్రేమ్‌కి కలిసే కీలు దగ్గర లూజు. స్వింగ్ ఆర్మ్ కదలకుండా చక్రం ఒక్కటే ఊగితే అది వీల్ బేరింగ్, ఆ పని వేరు. తర్వాత చక్రాన్ని మెల్లగా పైకెత్తు, షాక్ నొక్కుకోకముందే కొంచెం ఖాళీ చేతికి తగిలిందంటే లింకేజీలోనో షాక్ బోల్టుల దగ్గరో అరిగింది. ఏ లూజూ లేకుండా శబ్దం మాత్రమే ఉంటే నీ అదృష్టం, గ్రీజుతోనే పోవచ్చు.

ఇది నేర్చుకున్నానని బావ నడిపే 100 సీసీ బండి మీద మాత్రం చెయ్యి వేయకు. రెండు షాక్‌ల బళ్లలో చాలావాటికి పివట్ దగ్గర ఉండేది రబ్బరు బుష్. రబ్బరు మెలి తిరగడం వల్లే అది పనిచేస్తుంది, గ్రీజు తగిలితే ఉబ్బి పాడవుతుంది. అరిగితే మార్చుకోవడమే.

గ్రీజు విషయంలో పిసినారితనం వద్దు. డబ్బా మీద ఎన్ఎల్‌జీఐ 2 అని (అది గ్రీజు చిక్కదనం గ్రేడు) ఉండాలి, నీళ్లకు తట్టుకునే రకం అయ్యుండాలి. పాత గ్రీజు మీద కొత్తది పూసేయడం చాలామంది చేస్తారు, అది పని కాదు. ఒకదానికొకటి పడని రెండు రకాల గ్రీజులు కలిస్తే పలచబడి కారిపోవచ్చు.

ఇప్పుడు అసలు పని. లింకు బోల్టు ఊడదీసేముందు చక్రం కింద చెక్కముక్కలు పెట్టి బరువు దానిమీదకి తీసుకో, లేదంటే బోల్టు రాగానే స్వింగ్ ఆర్మ్ ధబ్బున కిందికి దిగుతుంది. నట్టు తీశాక కూడా బోల్టు బిగిసి ఉందంటే ఇంకా దానిమీద బరువుందని అర్థం, సుత్తి పట్టుకోకు, చక్రాన్ని రవ్వంత పైకో కిందికో జరుపుతూ చూడు, ఒకచోట వేళ్లతోనే జారి వచ్చేస్తుంది. ఈ ఒక్కటి ఓపిగ్గా చేస్తే సగం పని అయిపోయినట్టే. తుప్పుతో పట్టేసిన బోల్టయితే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలెయ్. ఏ బోల్టు ఏ వైపు నుంచి వచ్చిందో ఫోన్లో ఫోటోలు తీసుకో.

బేరింగు లోపలి కాలర్ (బోల్టు దూరే ఉక్కు గొట్టం) మెల్లగా లాగు, కింద పళ్లెం పెట్టు. కొన్ని బేరింగుల్లో సన్నటి సూదుల్లాంటి రోలర్లు విడిగా ఉంటాయి, జారి పడితే ఒక్కటి కూడా పోకూడదు. అన్నీ డీజిల్‌తో కడిగి పూర్తిగా ఆరబెట్టు. తర్వాత కాలర్ మీద గోరుతో గీరి చూడు. గోరు ఎక్కడైనా తట్టుకున్నా, తుప్పు గుంటలు కనిపించినా గ్రీజుతో లాభం లేదు, కాలరూ బేరింగూ రెండూ మార్చాలి. ఆ బేరింగు నువ్వు ఎక్కించకు బాబూ, దాని పెంకు చాలా పలచన, సుత్తి దెబ్బకి వంకరపోతుంది. శ్రీకాకుళం తీసుకొచ్చి ప్రెస్ ఉన్న లేత్ షాపులో ఇవ్వు.

బాగుంటే రోలర్ల మధ్యలోకి వేలితో గ్రీజు నొక్కి నింపు, సీలు అంచుకి కూడా రాయి, బయటికి వచ్చినదంతా తుడిచెయ్, లేకపోతే ఇసుక పట్టేస్తుంది. బోల్టు మరలకి మాన్యువల్ చెప్తే తప్ప గ్రీజు వద్దు, టార్క్ (బిగింపు బలం) లెక్క మారిపోతుంది. నైలాన్ రింగున్న నట్లు కొత్తవి వెయ్. బిగించేది టార్క్ రెంచితోనే, మాన్యువల్లో ఉన్న అంకెకే.

పివట్ దాకా వెళ్తే చక్రం తీయాలి. బ్రేక్ కాలిపర్‌ని (డిస్క్‌ని నొక్కి పట్టే భాగం) దాని హోస్‌కి, అంటే బ్రేక్ గొట్టానికి వేలాడదీయకు, తాడుతో ఫ్రేమ్‌కి కట్టు. అన్నీ బిగించాక చైన్ లూజు, చక్రం వరుస చూసుకుని, డిస్క్ మీద గ్రీజు మరక లేకుండా తుడిచి, పెడల్ గట్టిపడేదాకా బ్రేక్ నొక్కి, అప్పుడే రోడ్డెక్కు.

ఏడాదికోసారి, వానలకు ముందు చేస్తే చాలు. కానీ తిత్లీ లాంటి తుఫాను వచ్చి బండి నీళ్లలో నిలబడిందంటే మాత్రం ఏడాది అని కూర్చోకు, రోడ్లు ఆరగానే విప్పు. కాలర్ తీశాక ఏ సందేహమున్నా వెలుతురులో ఫోటో తీసి పంపు, చూసి చెప్తాను.

మీ మావయ్య