దృశ్యం పక్కన చేరే మాట

ప్రశ్న: నేను ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. ఒకే ప్రమాదాన్ని ఒక పత్రిక ‘బస్సు కింద పడి యువకుడి మృతి’ అనీ, మరొకటి ‘యువకుణ్ణి బలిగొన్న బస్సు’ అనీ రాయగా, మా తొమ్మిదో తరగతి పిల్లలు తాము చదివిన శీర్షికను బట్టి తప్పు ఎవరిదో రెండు రకాలుగా తేల్చారు. మాటలూ బొమ్మలూ ఆలోచనను నిజంగా అంతగా మలచగలవా? పిల్లలకు దీన్ని ఎలా బోధించాలి?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి, హైదరాబాద్

జవాబు: మలచగలవు. అభిప్రాయం ఏర్పడడానికి ముందే, చూసినదాన్ని గుర్తుంచుకునే దశలోనే ఆ పని మొదలవుతుంది. 1974లో అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే మనస్తత్వశాస్త్ర పరిశోధకులు విద్యార్థులకు కారు ప్రమాదాల చలనచిత్రాలు చూపించి, ఆ సమయంలో కార్ల వేగం ఎంత ఉండవచ్చని అడిగారు. ప్రశ్నలో క్రియను మాత్రమే మార్చారు. కార్లు తుక్కుతుక్కయ్యేలా గుద్దుకున్నాయనే అర్థమున్న మాట విన్నవారు సగటున గంటకు 40.8 మైళ్లనీ, తాకాయనే మాట విన్నవారు 31.8 మైళ్లనీ చెప్పారు. మరో ప్రయోగంలో వారం తరువాత, పగిలిన గాజు చూశారా అని అడిగితే, తీవ్రమైన క్రియ విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. మామూలుగా ఢీకొన్నాయని విన్న 50 మందిలో ఏడుగురే అలా అన్నారు. ఆ చిత్రంలో పగిలిన గాజు అసలు లేదు. వారు కావాలని అబద్ధం చెప్పలేదు; ప్రశ్నలోని మాట వారి జ్ఞాపకంలో కలిసిపోయిందని పరిశోధకులు భావించారు.

మీ రెండు శీర్షికలనూ ఈ దృష్టితోనే చదివించండి. మొదటిదానిలో యువకుడు తనంతట తానే పడినట్టుంది, రెండోదానిలో బస్సు తనంతట తానే చంపినట్టుంది; డ్రైవరు గాని, వేగం గాని, రోడ్డు పరిస్థితి గాని రెండింటిలోనూ లేవు. తప్పు ఎవరిదో తేల్చాలంటే తెలియవలసినవి సరిగ్గా అవే కదా.

బొమ్మ విషయంలో మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే మాటను అనుమానించేవారు కూడా కంటితో చూసినదాన్ని సులువుగా నమ్ముతారు. 2018లో, మోటారు సైకిల్‌పై వచ్చిన ఇద్దరు వీధిలోని బాలుణ్ణి ఎత్తుకుపోయే వీడియో దేశమంతటా ఫోన్లలో తిరిగింది. అది పిల్లల భద్రతపై అవగాహన కోసం కరాచీలో తీసిన చిత్రం. చివర్లో బాలుణ్ణి తిరిగి తెచ్చి దింపి, హెచ్చరిక రాసిన అట్టను చూపిస్తారు. ఆ భాగాన్ని కోసేసి, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న మాటను తగిలించారు. ఇటువంటి వదంతులు వ్యాపించిన ఆ రోజుల్లోనే, మే నెలలో, మన చాంద్రాయణగుట్టలో ఒక గుంపు ట్రాన్స్‌జెండర్ మహిళలపై దాడిచేసి ఒకరి ప్రాణం తీసింది. ఈ సంగతిని తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పడానికి వెనుకాడవద్దు. వారి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. ఆ ఏడాది జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చాట్‌లకే పంపేలా పరిమితి ప్రకటించింది. దానివల్ల వ్యాప్తి నెమ్మదించవచ్చు గాని, కోసేసిన ముక్క వీడియోలోకి తిరిగి రాదు. ముందు ఏముంది, తరువాత ఏముంది అన్న ప్రశ్నను చూసేవారే వేసుకోవాలి.

దురుద్దేశం లేని బొమ్మ కూడా మనల్ని పొరపాటు పడనిస్తుందని చూపడానికి మీ సబ్జెక్టులోనే మంచి సాధనం ఉంది. 1569లో పటాల రూపకర్త మెర్కేటర్ నావికుల కోసం రూపొందించిన ప్రపంచ పటం దిక్కులను సరిగ్గా చూపడానికి ధ్రువాలవైపు వెళ్లేకొద్దీ భూభాగాలను పెంచి చూపుతుంది. ఓడ నడపడానికి అది ఎంతో ఉపయోగపడింది. అదే పటాన్ని దేశాల పరిమాణం తెలుసుకోవడానికి చూస్తే గ్రీన్‌ల్యాండ్ మన దేశం కంటే ఎంతో పెద్దదనిపిస్తుంది. వాస్తవంలో దాని వైశాల్యం సుమారు 21.7 లక్షల చదరపు కిలోమీటర్లు, మనది సుమారు 32.9 లక్షలు. అంకెలు ముందే చెప్పకండి. పటం చూసి పిల్లల చేత అంచనా రాయించి, ఆ తరువాత గ్లోబు ముందు నిలబెట్టి వారినే పోల్చుకోనివ్వండి.