విత్తన కేసులు వాదించాలంటే ముందు ఏం చదవాలి?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా ఉండి దగ్గర పల్లెటూరు. కిందటి సార్వాలో కొన్న వరి విత్తనంలో కేళీలు (వేరే రకం మొక్కలు) ఎక్కువై చేనంతా ఎగుడుదిగుడుగా ఈనింది. షాపువాడు తనకు సంబంధం లేదన్నాడు. ఇంటర్ బైపీసీ చదివే మా అమ్మాయి అది చూసి, లా చదివి ఇలాంటి కేసులు వాదిస్తానంటోంది. నేను అగ్రికల్చర్ చదవమంటున్నాను. ఏది మంచిది?

జవాబు: రెండూ చదివించండి, కాకపోతే అగ్రికల్చర్ ముందు. విత్తనం కేసులో ట్యాగ్ మీద లాట్ నంబరు ఏంటి, విత్తన ఇన్‌స్పెక్టరు శాంపిల్‌ని మూడు భాగాలు చేసి సీలు వేశారా, ఆ కేళీలు విత్తనంతో వచ్చినవా లేక పాత పంటలో రాలిన గింజ మొలిచినవా అన్న దగ్గరే అసలు గొడవంతా ఉంటుంది, ఇవి తెలియని లాయరు కంపెనీ తరఫు శాస్త్రవేత్తని గట్టిగా ఒక్క ప్రశ్న కూడా అడగలేరు.

1966 విత్తన చట్టం అమ్మాయి చేత ఇప్పుడే చదివించండి, చిన్నదే. అందులో మొదటి తప్పుకి జరిమానా 500 రూపాయలు దాటదు! రైతుకి పరిహారం ఇప్పించే దారి అందులో లేదు. సర్టిఫికేషన్ కూడా తప్పనిసరి కాదు, నీలం ట్యాగ్ ఉంటే సర్టిఫికేషన్ ఏజెన్సీ పరీక్షించినట్టు, ఆకుపచ్చ ట్యాగ్ అయితే కంపెనీ తన మాట మీద తాను అమ్ముతున్నట్టు. వరికి కనీసం 80 శాతం మొలక ఉండాలంటారు గానీ మొలక బాగున్నంత మాత్రాన కల్తీ లేనట్టు కాదు.

అందుకే రైతులు వినియోగదారుల కమిషన్‌కి వెళ్తారు. రైతు కూడా వినియోగదారుడేనని 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, పరీక్ష కోసం రైతు విత్తనం దాచి ఉంచాలనడం కుదరదని కూడా అంది. మీ బిల్లు, సంచి, ట్యాగ్ పారేయకండి, ఫిర్యాదుకి రెండేళ్ల గడువు ఉంటుంది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టంలో 39వ సెక్షన్ కూడా చూడమనండి, విత్తనం దాచుకోవడం, ఇచ్చిపుచ్చుకోవడం రైతు హక్కని ఉన్నది అక్కడే.

ఇంకో సంగతి, నాకు ఇదే ఎక్కువ ముఖ్యం అనిపిస్తుంది. మన మార్టేరు వరి పరిశోధన స్టేషన్‌లో పుట్టిన ఎంటీయూ 1010 రకంలో జన్యువు సవరించి చేసిన కొత్త వరిని 2025 మేలో కేంద్రం ప్రకటించింది. ఇలాంటి కొన్ని రకాల సవరణలకి బయటి జన్యువు చేర్చే జీఎం పంటల కఠిన నిబంధనల నుంచి 2022లోనే మినహాయింపు ఇచ్చారు. రేపు ఆ విత్తనం మీద హక్కెవరిది, నష్టం వస్తే ఎవరు కట్టాలి అని అడగడానికి చేను, చట్టం రెండూ తెలిసినవాళ్లు మనకి చాలా తక్కువ మంది ఉన్నారు.

ఇక దారి అంటే ఈఏపీసెట్ ర్యాంకుతో అగ్రికల్చర్ బీఎస్సీ నాలుగేళ్లు, తరవాత లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ. రాజమహేంద్రవరంలోనే ప్రభుత్వ వ్యవసాయ కళాశాల ఉంది. రైతు కోటాకి పట్టాదారు పాస్‌పుస్తకం లాంటి కాగితాలు ముందే సిద్ధం చేసుకోండి. మధ్యలో మనసు మారినా ఫర్వాలేదు, మన రాష్ట్రంలో విత్తన ఇన్‌స్పెక్టరు అధికారాలు మండల వ్యవసాయ అధికారికి ఉంటాయి, అది కూడా ఇదే పని. సీటు రాకపోతే మాత్రం పొలం అమ్మి మేనేజ్‌మెంట్ సీటు కొనకండి, ఐదేళ్ల లాలో చేర్పించి సెలవుల్లో చేలోకి పంపండి.