టెక్ సందేహాలు: బరంపురంలో కూర్చుని అమెరికా మంచు లెక్క

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ కప్పు మీద పడే బరువు, దాన్ని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ చుట్టూనే తిరిగాయి. ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచి మన పిల్లలు ఇంట్లో కూర్చునే విదేశాల్లో కట్టే భవనాలకు డిజైన్ చేస్తున్నారు. అందుకని మొదటి ప్రశ్నకు ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: నమస్తే అండీ. మాది బరంపురం. సివిల్ చదివి, విశాఖలోని ఒక డిజైన్ ఆఫీసుకి ఇంటి నుంచే పనిచేస్తున్నాను. అమెరికాలో కట్టబోయే గోదాముకి "గ్రౌండ్ స్నో 40 పీఎస్‌ఎఫ్" అని ఇచ్చారు. ఆ 40నే స్టాడ్ ప్రోలో (కట్టడం మీద పడే లోడ్లని, బలాన్ని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) కప్పు మీద వేశాను. డిజైన్ పాసైంది. చెకింగ్ చేసే సార్ మాత్రం "రూఫ్ స్నో తప్పు, డ్రిఫ్ట్ ఎక్కడ?" అని ఫైల్ వెనక్కి పంపారు. మంచు పడటం నేనెప్పుడూ చూడలేదు. ఒకటే టెన్షన్‌గా ఉంది. ఎక్కడ తప్పాను?

జవాబు: మంచు చూడకపోవడం లోపమేమీ కాదమ్మా. ఈ పనికి కావలసింది ఆ 40 ఎక్కడిదో తెలియడం. అది నేల మీద పేరుకునే మంచు బరువు, చదరపు అడుగుకి 40 పౌండ్లు. కప్పు మీద అంతా నిలవదు. కొంత గాలికి ఎగిరిపోతుంది, కొంత లోపలి వేడికి కరుగుతుంది. అందుకే అమెరికా కోడ్ ఏఎస్‌సీఈ 7 నేల మీది అంకెను ముందు 0.7తో గుణించమంటుంది. ఆ తర్వాత మూడు గుణకాలు ఉంటాయి. చుట్టూ చెట్లూ కట్టడాలూ ఉన్నాయా లేక బట్టబయలా అన్నదానికి ఒకటి, భవనం లోపలి వేడికి ఒకటి, భవనం ఎంత ముఖ్యమైనదన్నదానికి ఒకటి. మూడూ 1 అయితే 2016 ఎడిషన్ ప్రకారం మీ కప్పు లోడ్ 28.

గోదాము అన్నారు కాబట్టి లోపల హీటింగ్ ఉందో లేదో తప్పకుండా అడగండి. లేకపోతే మంచు కింద నుంచి కరగదు, వేడి గుణకం 1.2 అవుతుంది, 28 కాస్తా 33.6 అవుతుంది. కోల్డ్ స్టోరేజీలా గడ్డకట్టే చలిలో ఉంచే భవనమైతే 1.3. మన వైపు ఇళ్లకు హీటింగ్ ఉండదు కాబట్టి ఈ ప్రశ్న అడగాలని మనకు తోచదు.

"28 చాలినచోట 40 పెట్టాను, సేఫ్ వైపే కదా" అనిపించవచ్చు. అక్కడే మీ సార్ అడిగిన డ్రిఫ్ట్ సంగతి వస్తుంది. గోపాల్‌పూర్ బీచ్‌లో గాలికి లేచిన ఇసుక ప్రహరీ గోడ పక్కన గుట్టగా పేరుకోవడం మీరు చూసే ఉంటారు. పెద్ద షెడ్డు పక్కనే ఎత్తు తక్కువ షెడ్డు ఉంటే మంచూ అలాగే చేస్తుంది. పై కప్పు మీది మంచు గాలికి జారి కింది కప్పు మీద గోడ వారన పడుతుంది. లెక్క వేసి చూద్దాం. పై కప్పు పొడవు గాలి దిశలో 100 అడుగులు, గ్రౌండ్ స్నో 40 అనుకోండి. 2016 కోడ్ సూత్రం ప్రకారం గుట్ట ఎత్తు సుమారు 3.8 అడుగులు వస్తుంది. అదే కోడ్ ప్రకారం మంచు సాంద్రత ఘనపు అడుగుకి 19.2 పౌండ్లు. రెండూ గుణిస్తే 73. దానికి మామూలు 28 కలపండి. గోడ దగ్గర చదరపు అడుగుకి 101 పౌండ్లు పడుతుంది! అక్కడి నుంచి సుమారు 15 అడుగుల దూరంలో ఆ అదనపు భారం త్రిభుజాకారంలో తగ్గుతూ సున్నా అవుతుంది. రెండు కప్పుల మధ్య ఎత్తు తేడా ఐదారు అడుగులైనా ఉంటేనే గుట్ట ఇంత పూర్తిగా నిలుస్తుంది, అంతకన్నా తక్కువైతే లెక్క మారుతుంది.

అంటే కప్పంతా 40 వేసిన మీ మోడల్‌లో చాలాచోట్ల స్టీలు దండగైంది. పక్కన ఎత్తైన కప్పు ఉంటే, బలం కావలసిన గోడ వారన మాత్రం సగం కూడా లేదు. పక్క భవనాన్ని మోడల్‌లో గీయకపోతే అది ఉన్నట్టు సాఫ్ట్‌వేర్‌కి తెలిసే దారి లేదు. లేఅవుట్ డ్రాయింగ్ తెరిచి, చుట్టుపక్కల ఏముందో చూసి, ఆ లోడ్‌ని మీరే చేత్తో వేయాలి.

ఇంకో లోడ్ కేస్ కూడా కావాలి. రెండు వాలుల కప్పు మీద మంచు ఎప్పుడూ సమంగా ఉండదు. గాలి వీచే వైపు పలచబడి, రెండో వైపు పేరుకుంటుంది. మీ షెడ్డు వాలు 12 అడుగులకి ఒక అడుగు ఉన్నా ఈ అసమాన లోడ్ చూడాల్సిందే. ఒక వైపు 30 శాతం, మరో వైపు పూర్తి లోడ్, దానికి తోడు రిడ్జ్ (రెండు వాలులూ కలిసే నడికొప్పు) దగ్గర కొంత అదనం. పోర్టల్ ఫ్రేమ్ (స్తంభాలూ వాలు దూలాలూ కలిసిన షెడ్డు చట్రం) ఒక పక్కకి ఒరిగే ధోరణి బయటపడేది ఈ కేసులోనే. రెండు వైపులా సమంగా వేసి చూస్తే అది కనిపించదు.

ఇక స్టాడ్ విషయం. వాలుగా ఉన్న మెంబర్ (దూలం లాంటి భాగం) మీద లోడ్ వేసేటప్పుడు జీవై అని ఒకటి, పీవై అని ఒకటి కనిపిస్తాయి. జీవై మెంబర్ అసలు పొడవు మీద లెక్కగడుతుంది. పీవై దాని అడ్డ నీడ మీద, అంటే ప్లాన్‌లో కనిపించే పొడవు మీద లెక్కగడుతుంది. కోడ్ ఇచ్చే మంచు లోడ్ ప్లాన్ విస్తీర్ణానికి సంబంధించింది కాబట్టి పీవై వాడాలి. మీ షెడ్డు వాలు తక్కువ, కాబట్టి తేడా అర శాతం కూడా రాదు. 45 డిగ్రీల కప్పుకి జీవై వాడితే మాత్రం 41 శాతం ఎక్కువ పడుతుంది. ఇలాంటి మరో రెండు సాఫ్ట్‌వేర్లు ఈటాబ్స్‌లోనూ సాప్ 2000లోనూ దీనికి "గ్రావిటీ ప్రొజెక్టెడ్" అన్న ఎంపిక ఉంది. స్టాడ్‌లో కింది దిశకి మైనస్ గుర్తు మరిచిపోతే మంచు కప్పుని పైకి లేపుతుంది, అది కూడా చూసుకోండి.

యూనిట్లు మరీ ప్రమాదం. మోడల్ కిలోన్యూటన్, మీటర్లలో ఉండగా 28 అని టైప్ చేస్తే పడాల్సినదానికి దాదాపు 21 రెట్లు పడుతుంది. 28 పీఎస్‌ఎఫ్ అంటే చదరపు మీటరుకి 1.34 కిలోన్యూటన్లే.

ఇవన్నీ పట్టుకోవడానికి నేను అందరికీ చెప్పే పద్ధతి ఒక్కటే. సాఫ్ట్‌వేర్ తెరవక ముందే మొత్తం బరువు కాగితం మీద వేసుకోండి. ప్లాన్ 60 అడుగులకి 100 అడుగులైతే 6,000 చదరపు అడుగులు. 28తో గుణిస్తే 1,68,000 పౌండ్లు, అంటే 168 కిప్‌లు, మన లెక్కలో 76 టన్నులు. స్టాడ్‌లో అనాలిసిస్ కమాండ్‌కి స్టాటిక్స్ చెక్ ప్రింట్ జోడించండి. సమాన మంచు లోడ్ కేసులో నిలువు లోడ్ల మొత్తం, సపోర్ట్ రియాక్షన్ల (ఆధారాల దగ్గర పుట్టే ఎదురు బలాల) మొత్తం 168కి సరిపోవాలి. సరిపోకపోతే డిజైన్ పాసైనా ఫైల్ పంపకండి.

ఎడిషన్ గురించి కూడా మీ సార్‌ని అడగండి. 2022 ఎడిషన్‌లో పద్ధతి మారింది. భవనం ముఖ్యతను బట్టి గ్రౌండ్ స్నో అంకెలే వేరువేరుగా ఇచ్చారు. అవి పాతవాటి కన్నా పెద్దవి, అందుకని స్ట్రెంత్ కాంబినేషన్లలో (లోడ్లని గుణకాలతో కలిపి బలం చూసే లెక్కల్లో) మంచుకి వాడే 1.6 గుణకం 1.0 అయింది. ముఖ్యత గుణకం విడిగా లేదు. కొత్త అంకెకి పాత 1.6 తగిలిస్తే భారం అనవసరంగా పెరుగుతుంది. పాత అంకెకి కొత్త 1.0 వాడితే కప్పు బలహీనమవుతుంది, ఇది అసలు ప్రమాదం. స్టాడ్‌లో మంచు లోడ్‌ని తనంతట తానే వేసే కమాండ్ ఉంది, కానీ అది ఏఎస్‌సీఈ 7-02 (2002 ఎడిషన్) ఆధారంగా తయారైంది. మీ వర్షన్‌లో ఏ ఎడిషన్ ఉందో హెల్ప్ ఫైల్‌లో చదివాకే దాన్ని ముట్టుకోండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. అమెరికాలో కనెటికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్ సివిక్ సెంటర్ కప్పు 1978 జనవరి 18 తెల్లవారుజామున మంచు బరువుకి కుప్పకూలింది. అంతకు కొన్ని గంటల ముందే సుమారు 5,000 మంది బాస్కెట్‌బాల్ ఆట చూసి ఇళ్లకు వెళ్లారు. లోపల జనం ఉండగా పడి ఉంటే ఏమయ్యేదో ఊహించలేం. 300 అడుగులకి 360 అడుగుల ఆ స్పేస్ ఫ్రేమ్‌ని (కడ్డీలతో అల్లిన కప్పు చట్రాన్ని) కంప్యూటర్ విశ్లేషణ మీద ఆధారపడి డిజైన్ చేశారు. పై వరుస కడ్డీలకు మధ్యలో ఊతం ఉందని మోడల్ అనుకుంది. కట్టిన కప్పులో ఆ ఊతం మోడల్‌లో ఉన్నట్టు లేదు. కట్టేటప్పుడే కప్పు లెక్కకి రెట్టింపు కిందికి వంగింది. ఆ సంగతి తెలిసి కూడా కంప్యూటర్ ఫలితాన్నే నమ్మారు. మీ సార్ ఫైల్ వెనక్కి పంపి మంచి పని చేశారమ్మా. వెళ్లి ఆయన పక్కన కూర్చుని డ్రిఫ్ట్ లెక్క ఒకసారి చేత్తో వేయించుకోండి.

ప్రశ్న: గుణుపూర్‌లో బీటెక్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను సార్. హిమాచల్ ప్రదేశ్‌లో ఒక హాస్టల్ డిజైన్ మా ప్రాజెక్ట్. మంచుకి ఇండియన్ కోడ్ ఏది వాడాలి? సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత లేదు.

జవాబు: కోడ్ ఐఎస్ 875 నాలుగో భాగం. సూత్రం చిన్నది. నేల మీది మంచు లోడ్‌ని కప్పు ఆకారాన్ని బట్టి వచ్చే గుణకంతో గుణించాలి. మామూలు వాలు కప్పుకి 30 డిగ్రీల వరకు ఆ గుణకం 0.8. అక్కడి నుంచి 60 డిగ్రీలకు వచ్చేసరికి తగ్గుతూ సున్నా అవుతుంది, ఎందుకంటే అంత నిటారు కప్పు మీద మంచు నిలవక జారిపోతుంది. నేల మీది లోడ్ చదరపు మీటరుకి 3 కిలోన్యూటన్లు అనుకుంటే, 45 డిగ్రీల కప్పు మీద 0.4తో గుణించి 1.2 వస్తుంది. అసమాన లోడ్ కేసు ఇక్కడా కావాలి.

కష్టమంతా ఆ 3 ఎక్కడ దొరుకుతుందన్నదే. గాలి వేగాలకి ఉన్నట్టు ఊరి పేరు చూసి అంకె తీసుకోవడం కుదరదు. ఒకే లోయలో కింద ఊరికీ పైన ఊరికీ మంచులో చాలా తేడా ఉంటుంది. దేశంలో మంచు కొలతల పని ఏళ్ల తరబడి చేసింది డీఆర్‌డీఓ కింద మనాలీలో ఉన్న సాసే సంస్థ. అది 2020లో మరో ల్యాబ్‌తో కలిసి డీజీఆర్‌ఈ అయింది. పాత రిపోర్టుల్లో సాసే అనే కనిపిస్తుంది, తికమక పడకండి. మీ గైడ్ చేత కాలేజీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాయించండి. అంకె దొరక్క ఊహించుకోవాల్సి వస్తే, ఊహించామని రిపోర్టులో స్పష్టంగా రాయండి. వైవాలో అడిగితే ధైర్యంగా చెప్పవచ్చు.

సాఫ్ట్‌వేర్‌కి డబ్బు పెట్టనక్కర్లేదు. బెంట్లీ కంపెనీ విద్యార్థులకు స్టాడ్ ప్రోని ఉచితంగా ఇస్తుంది, ఆటోడెస్క్ తన రోబోట్ ప్రోగ్రామ్‌ని అలాగే ఇస్తుంది. కాలేజీ ఈమెయిల్‌తో రిజిస్టర్ చేసుకోండి. క్రాక్ చేసిన కాపీల జోలికి వెళ్లకండి. వాటితో వచ్చే వైరస్‌లు రిపోర్టు ఇవ్వాల్సిన వారంలోనే ల్యాప్‌టాప్‌ని మింగేస్తాయి.

ప్రశ్న: పర్లాకిమిడిలో రైస్ మిల్లుకి రేకుల షెడ్డు వేయిస్తున్నాం. ఇంజనీరు ఇచ్చిన కంప్యూటర్ రిపోర్టులో "స్నో లోడ్ 0" అని ఉంది. ఏదైనా వదిలేశారా?

జవాబు: లేదండీ, అది సరైనదే. మన వైపు మంచు కురవదు. మహేంద్రగిరి మీద చలి ఎంత వణికించినా కప్పుకి దానితో బరువు పెరగదు. మీరు చూడాల్సింది ఆ వరుస పైనా కిందా ఉన్న అంకెలు. రూఫ్ లైవ్ లోడ్ (కప్పు మీద అప్పుడప్పుడు పడే బరువు) సున్నా ఉండకూడదు. 10 డిగ్రీల లోపు వాలున్న, మనుషులు ఎక్కి తిరగని కప్పుకి ఐఎస్ 875 రెండో భాగం చదరపు మీటరుకి 0.75 కిలోన్యూటన్లు వేయమంటుంది.

అంతకన్నా ముఖ్యం గాలి. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాని అతలాకుతలం చేసింది. తుపాను గాలి రేకుల కప్పుని కిందికి నొక్కడం కన్నా పైకి పీకే ప్రమాదమే ఎక్కువ. కప్పు తేలికగా ఉండటం అక్కడ మనకే ఎదురు తిరుగుతుంది. తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపు ప్రాంతాన్ని ఐఎస్ 875 మూడో భాగం 2015 ఎడిషన్ తుపాను ప్రాంతంగా లెక్కిస్తుంది. పర్లాకిమిడి ఆ లోపే ఉంది. అక్కడ పారిశ్రామిక కట్టడాలకు గాలి వేగాన్ని 1.15తో గుణించాలి. బేసిక్ వేగం సెకనుకి 50 మీటర్లు అనుకుంటే, ఈ గుణకంతో ఒత్తిడి మిగతా సవరణలకు ముందు చదరపు మీటరుకి సుమారు 200 కిలోలు వస్తుంది. మీ ఇంజనీరు గారిని రెండు విషయాలు అడగండి: ఈ 1.15 వేశారా, సొంత బరువుని 0.9 మాత్రమే తీసుకుని గాలిని 1.5 రెట్లు తీసుకునే కాంబినేషన్ చూశారా. రెండోదే యాంకర్ బోల్టుల పొడవునీ పునాది బరువునీ తేలుస్తుంది. రేకుల్ని పర్లిన్లకు (రేకుల కింద అడ్డంగా వేసే కమ్ములకు) పట్టి ఉంచే స్క్రూలు చూరు దగ్గర, మూలల్లో దగ్గరదగ్గరగా ఉండాలి. గాలి మొదట పీకేది అక్కడి నుంచే.

ప్రశ్న: కోరాపుట్ జిల్లా జయపురం మాది. కరెంటు పోయి స్టాడ్ మోడల్ తెరుచుకోవడం లేదు. రెండు రోజుల పని పోయినట్టేనా?

జవాబు: కంగారు పడకండి. స్టాడ్ ఇన్‌పుట్ ఫైల్ సాదా టెక్స్ట్ ఫైలే. ముందు దానికి ఒక కాపీ తీసి పెట్టుకోండి. ఆ కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. చాలాసార్లు చివరి లైన్లు మాత్రమే తెగిపోయి ఉంటాయి. తెగిన లైన్ తీసేసి, ఆఖరున ఫినిష్ అన్న లైన్ చేర్చి మళ్లీ తెరిస్తే జాయింట్లు, మెంబర్లు అన్నీ తిరిగి రావచ్చు. ఫైల్ పూర్తిగా ఖాళీగా కనిపిస్తే అదే ఫోల్డర్‌లో పాత బ్యాకప్ ఏమైనా ఉందేమో వెతకండి. ఇకనుంచి రోజు పని ముగియగానే ఆ ఫైల్‌ని తేదీతో ఇంకో పేరు పెట్టి ఫోన్‌లోకో డ్రైవ్‌లోకో పంపుకోండి. టెక్స్ట్ కాబట్టి సైజు చాలా తక్కువ, 2జీ సిగ్నల్ మీద కూడా వెళ్తుంది. తెరిచినప్పుడు పైన యూనిట్ అన్న లైన్ కూడా ఒకసారి చదవండి.