ఎత్తు తక్కువైతే కవలలను మోయలేమా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు, బరువు 46 కిలోలు. తొలి కాన్పు, ఇప్పుడు 14వ వారం. స్కానింగ్‌లో కవలలని చెప్పారు. ‘ఇంత చిన్న కడుపులో ఇద్దరెలా పడతారు’ అని ఇంట్లో అంటుంటే టెన్షన్‌గా ఉంది. నా ఎత్తు వల్ల పిల్లలకు ఇబ్బందా?
- ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: పడతారమ్మా. గర్భసంచికి సాగే గుణం ఉంది. అయితే మీ ఇంట్లోవాళ్ల మాట పూర్తిగా కొట్టిపారేయలేను. పొట్టిగా ఉన్న తల్లులకు కవలలు కాస్త ముందుగా, కొంచెం తక్కువ బరువుతో పుట్టే అవకాశం ఎక్కువే. కానీ తల్లి పొడుగైనా సరే, కవలల్లో సగానికి పైగా 37 వారాల లోపే పుడతారు.

ఎత్తు కంటే ముందు నేను చూసేది మాయ. మీ రిపోర్టులో డీసీడీఏ అని ఉంటే ఇద్దరికీ వేర్వేరు మాయలు, అంటే సగం భయం తీరినట్టే. ఎంసీడీఏ అని ఉంటే ఒకే మాయను ఇద్దరూ పంచుకుంటున్నారు. ఒకరికి రక్తం ఎక్కువగా, మరొకరికి తక్కువగా అందే ప్రమాదం ఉంటుంది కాబట్టి 16వ వారం నుంచి రెండు వారాలకోసారి స్కాన్ తప్పదు. రిపోర్టులో ఈ మాట లేకపోతే ఈ వారమే అడగండి. తర్వాత తేల్చడం కష్టమవుతుంది.

ఇక బరువు. మీ బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 21, బాగుంది. ఇలాంటి తల్లి కవలలతో ఉంటే మొత్తం 17 నుంచి 25 కిలోలు పెరగాలని 2009లో అమెరికా నిపుణులు లెక్కకట్టారు. అది వాళ్ల ఒళ్లు చూసి వేసిన లెక్క. మీరు 17 దరిదాపుల్లోకి వచ్చినా నాకు సంతోషమే. ‘ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుంది’ అని పెద్దవాళ్లు అన్నం తగ్గిస్తుంటారు. కవలల విషయంలో ఆ మాట అస్సలు వినకండి. ఏడో నెల దాటాక కడుపు పైకి ఒత్తి నాలుగు ముద్దలు కూడా దిగవు. అందుకే ఇప్పటి నుంచే రోజుకు ఐదారుసార్లు కొంచెం కొంచెంగా గుడ్డు, పప్పు, పాలు, పల్లీలు, రాగి జావ తీసుకోండి. హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గకుండా చూసుకోవాలి.

కవలలతో బీపీ పెరిగే ప్రమాదం ఎక్కువ. చిన్న డోసు ఆస్పిరిన్ కావాలా అని మీ డాక్టర్‌ను వెంటనే అడగండి. 16 వారాల లోపు మొదలుపెడితేనే ఎక్కువ ఉపయోగం. సొంతంగా మాత్రం వేసుకోవద్దు. పిల్లల అవయవాల ఎదుగుదల చూసే టిఫా స్కాన్‌తో పాటు గర్భసంచి ముఖద్వారం పొడవు కూడా కొలవమనండి.

పొట్టివాళ్లయినంత మాత్రాన సిజేరియనే అని ఇప్పుడే తేల్చేయక్కర్లేదు. మొదటి బిడ్డ తల కిందికి ఉంటే నార్మల్‌కు ప్రయత్నించవచ్చు. మంచానికే పరిమితమై పడుకోవడం వల్ల నెలలు నిండుతాయన్నది అపోహ. పసిపిల్లల ఐసీయూ ఉన్న ఆసుపత్రిని మాత్రం ముందే చూసి పెట్టుకోండి. కడుపు పదేపదే గట్టిపడటం, ఉమ్మనీరు పోవడం, రక్తస్రావం, తలనొప్పితో చూపు మసకబారడం, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రి అయినా సరే బయల్దేరండి.